కొబ్బరినూనె గడ్డకట్టిన రాత్రి

అర్ధవీడు వైపు ఇళ్లలో చలికాలం వచ్చిన సంగతి ముందుగా గోడగూట్లో కొబ్బరినూనె సీసాకు తెలుస్తుంది. కార్తీకం దాటాక ఒక తెల్లవారి చూస్తే సీసా అడుగున పాలమీగడలాంటి తెల్లటి పొర. మార్గశిరం నడిమికి వచ్చేసరికి సీసా తలకిందులు చేసినా చుక్క రాలదు. దాన్ని పొయ్యి గట్టు మీద పెట్టి, కరిగిందాకా ఆగి తల దువ్వుకోవడం మా అవ్వ దినచర్యలో ఒక భాగం. ఆమెకు ఉష్ణమాపకం చూడటం రాదు. అయినా ఇంట్లో పసిబిడ్డ ఉంటే ఆ సీసా తెల్లబడిన రోజు నుంచి బిడ్డకు సాయంత్రం నీళ్లు పోయనిచ్చేది కాదు. "నూనే పేరుకుంటే పసిగుడ్డు ఎట్టుంటాదే?" అనేది.

ఆ మాటలో ఎంత లెక్క ఉందో నాకు చాలా ఏళ్లకు గానీ అర్థం కాలేదు. స్వచ్ఛమైన కొబ్బరినూనె కరిగేది సుమారు 24 డిగ్రీల సెల్సియస్ దగ్గర. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1997లో అచ్చేసిన నవజాత శిశువుల వెచ్చదనపు మార్గదర్శిక, తల్లీబిడ్డలు పడుకునే గది రాత్రీపగలూ కనీసం 25 డిగ్రీలు ఉండాలంటుంది. రెంటికీ తేడా ఒక్క డిగ్రీ. నూనె పేరుకుందంటే గది ఆ గీత దాటి కిందికి దిగిందన్నమాటే. ఒక చిన్న మెలిక మాత్రం ఉంది. నూనె చల్లబడేటప్పుడు 24కి కిందికి వచ్చినా కాసేపు ద్రవంగానే మొండికేస్తుంది. కాబట్టి గడ్డకడితే చలి ఖాయం, గడ్డకట్టకపోతే భరోసా లేదు. వేరే నూనెలు కలిపిన సీసాలైతే అసలు సాక్ష్యానికే పనికిరావు.

24 డిగ్రీలంటే మనకు హాయి. ఫ్యాను ఒక అంకె తగ్గించి, పల్చటి దుప్పటి కప్పుకుని పడుకునే వాతావరణం. అక్కడే పొరపాటు జరుగుతుంది. నల్లమల కింద ఉన్న ఈ ఊళ్లకు ఎండంటే భయం గానీ చలంటే లెక్కలేదు. కంభం, గిద్దలూరు, మార్కాపురం ఎటు చూసినా వడదెబ్బ కథలు ఉంటాయి, చలిదెబ్బ కథలు ఉండవు. కానీ వానలు వెనక్కి పోయాక ఇక్కడి గాలిలో తేమ తక్కువ, ఆకాశం నిర్మలం. పగలు నేల దాచుకున్న వేడి రాత్రికి అడ్డు లేకుండా ఆకాశంలోకి పోతుంది. కొండ మీద చల్లబడిన గాలి బరువెక్కి వాలు వెంట ఊళ్లోకి జారుతుంది. పుష్యమాసంలో తెల్లవారుజామున ఇరవైకి లోపు దిగడం ఇక్కడ మామూలే. మధ్యాహ్నం చొక్కా విప్పుకు తిరిగిన ఊరే అది, అందుకే రాత్రి చలిని ఎవరూ పట్టించుకోరు.

పసిబిడ్డకు చలి ఎందుకంత తొందరగా తగులుతుందో రాగి సంగటి చెబుతుంది. కడవలో పెద్ద ముద్దగా ఉన్న సంగటి గంటసేపు పొగలు కక్కుతూనే ఉంటుంది. అందులోంచి చిటికెడు తుంచి కంచం అంచున పెడితే నోట్లో పెట్టుకునేలోగా చల్లారుతుంది. వేడిని దాచుకునేది లోపలి ముద్ద, పోగొట్టుకునేది పై చర్మం. 60 కిలోల మనిషికి చర్మం సుమారు 1.6 చదరపు మీటర్లు, 3 కిలోల బిడ్డకు 0.2. బరువు ఇరవై రెట్లు తగ్గింది, చర్మం ఎనిమిది రెట్లే తగ్గింది. పైగా ఆ చర్మం పల్చన, దాని కింద మనకున్నంత కొవ్వు మెత్త ఉండదు. పెద్దవాళ్లలో తల వాటా మొత్తం చర్మంలో పదో వంతు కూడా ఉండదు, పసివాళ్లలో దాదాపు ఐదో వంతు. బట్టల్లేని నవజాత శిశువు 23 డిగ్రీల గదిలో పోగొట్టుకునే వేడి, బట్టల్లేని పెద్దమనిషి సున్నా డిగ్రీల్లో పోగొట్టుకునే వేడితో సమానమని అదే మార్గదర్శిక పోలుస్తుంది. మనం ఫ్యాను తగ్గించుకున్న గది బిడ్డ లెక్కలో హిమాలయమన్నమాట.

మనకు చలేస్తే వణుకుతాం. కండరాలు ఊరికే ఆడితే వేడి పుడుతుంది. పుట్టిన బిడ్డ వణకదు. అందుకే చూసేవాళ్లకు బిడ్డకు చలేస్తున్న సంగతి తెలియదు. బిడ్డకు వేరే ఏర్పాటు ఉంది. భుజాల రెక్కల నడుమ, మెడ చుట్టూ, మూత్రపిండాల పక్కన గోధుమ రంగు కొవ్వు అని ఒకటి ఉంటుంది. స్విట్జర్లాండ్ పండితుడు కాన్రాడ్ గెస్నర్ 1551లోనే శీతాకాలమంతా నిద్రపోయే మార్మట్ అనే జంతువులో దీన్ని గమనించి, కొవ్వూ కాదు, కండా కాదు అని తికమకపడ్డాడు. కణాల్లో ఇనుము ఉన్న మైటోకాండ్రియాలు కిక్కిరిసి ఉండటం వల్ల ఆ రంగు.

అది పనిచేసే తీరు చెప్పాలంటే కంభం చెరువు కట్ట దాకా పోవాలి. చెరువులో నిలిచిన నీటికి బలముంటుంది. తూము ఎత్తితే ఆ బలం చేలకు పారి పంట పండిస్తుంది. మామూలు కణంలో మైటోకాండ్రియా కూడా ఇంతే. ఆహారాన్ని మండించి ఒక పొరకు అటువైపు ప్రోటాన్లను నిలవేస్తుంది, అవి ఒక సన్నటి దారిలో తిరిగి వచ్చేటప్పుడు కణానికి కావలసిన ఇంధనాన్ని తయారు చేయించుకుంటుంది. గోధుమ రంగు కొవ్వులో మాత్రం ఆ పొరకు ఇంకో దారి ఉంది, థర్మోజెనిన్ అనే ప్రోటీను. చెరువుకు అలుగు లాంటిది. చలి తగిలిందని నాడులు కబురు పంపగానే అలుగు తెరుచుకుంటుంది, ప్రోటాన్లు ఏ పనీ చెయ్యకుండా దూకేస్తాయి, ఆ బలమంతా వేడిగా మారుతుంది. అలుగు మీద పోయిన నీటిని రైతు వృథా అంటాడు. బిడ్డకు ఆ వృథాయే రాత్రి కుంపటి.

ఈ కుంపటికి రెండు లోపాలు. గోధుమ రంగు కొవ్వు చాలావరకు కడుపులో చివరి మూడు నెలల్లో చేరుతుంది, కాబట్టి నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు బొగ్గులే తక్కువ. రెండోది, అది మండటానికి ఆక్సిజనూ, చక్కెరా కావాలి. చలి సాగుతున్నకొద్దీ బిడ్డ తాగిన పాలు ఎదుగుదలకు పోకుండా పొయ్యిలోకి పోతాయి. రక్తంలో చక్కెర పడిపోతుంది. నిల్వ అయిపోయాక ఒంటి వేడి దిగడం మొదలవుతుంది. బిడ్డ శరీరం 36.5 నుంచి 37.5 డిగ్రీల మధ్య, అంటే జ్వరం చూసే కడ్డీ లెక్కలో 97.7 నుంచి 99.5 మధ్య ఉండాలి. 36కి దిగితే హెచ్చరిక, అంతకన్నా దిగితే ప్రమాదం, 32 కిందికి దిగితే ప్రాణాపాయం. ఇళ్లలో ఉండే పాత పాదరసం కడ్డీ మీద అంకెలు మొదలయ్యేదే 94, 95 దగ్గర. జ్వరాన్ని పట్టుకోవడానికి చేసిన పరికరం అది, అంతకన్నా దిగిన చలిని చూపించదు.

ఒంటి వేడి దిగిన బిడ్డ ఏడవదు. మందకొడిగా పడుకుంటుంది, రొమ్ము పట్టుకున్నా గట్టిగా చప్పరించదు. పరామర్శకు వచ్చినవాళ్లు "మీ బిడ్డ ఎంత బుద్ధిమంతురాలమ్మా, రాత్రంతా నిద్రపోయింది" అని మెచ్చుకుంటారు. నన్నడిగితే పురిటింట్లో ఇంతకన్నా అనుమానించాల్సిన మెప్పు ఇంకోటి లేదు. నెల తిరగని బిడ్డ ఆకలికి కూడా లేవకుండా మగతగా ఉంటే ముందు చూడవలసింది దాని అరికాళ్లు.

ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు కాన్పులన్నీ దాదాపు ఆసుపత్రుల్లోనే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం నూటికి తొంభై ఆరుకు పైనే. పుట్టిన వెంటనే తుడవడం, తల్లి రొమ్ము మీద వెయ్యడం, మొదటి స్నానాన్ని కనీసం ఒక రోజు వెనక్కి నెట్టడం అక్కడి వాళ్లు చూసుకుంటారు. ఆ తర్వాత ఆటో దిగి ఇంట్లోకి వచ్చినప్పటి నుంచి రాత్రులన్నీ ఇంటివే. ఇంట్లో వేడి ఎటునుంచి పోతుందో వెతికితే భౌతికశాస్త్రం పాఠం మొత్తం పురిటి గదిలోనే కనిపిస్తుంది.

అన్నిటికన్నా పెద్ద దొంగ తడి. రాత్రి రెండు గంటలకు బిడ్డ ఒంటేలు పోసిందనుకుందాం. గుడ్డ తడిసింది, తల్లి అలసి నిద్రపోతోంది. గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కేలరీల వేడి కావాలి, ఇవి ఆహారం లెక్కలో చెప్పే పెద్ద కేలరీలు కావు, వాటిలో వెయ్యో వంతు ఉండేవి. 3 కిలోల బిడ్డ ఒంటిని ఒక్క డిగ్రీ వేడెక్కించడానికి ఇలాంటివి దాదాపు 2,500 చాలు. ఇప్పుడు ఆ గుడ్డలోంచి రెండు టీస్పూన్ల నీళ్లు, అంటే పది గ్రాములు, బిడ్డ ఒంటి వేడి తీసుకునే ఆరిపోయాయనుకోండి. పోయింది 5,800 కేలరీలు, రెండు డిగ్రీలకు పైగా. నిజానికి అందులో కొంత గాలి నుంచి వస్తుంది, బిడ్డ కొవ్వు కొంత పూడుస్తుంది, ఆరడానికి గంటలు పడుతుంది. కానీ కుండలో నీళ్లు చల్లబడే సూత్రమే పొత్తిగుడ్డలో పనిచేస్తోందని మరచిపోకూడదు. రాత్రికి పది ఆరిన గుడ్డలు దిండు పక్కన మడిచిపెట్టుకోవడం బొంత ఇంకొకటి కప్పడం కన్నా ఎక్కువ పనిచేస్తుంది. సాయంత్రం తలస్నానం చేయించి, జుట్టు తడి పూర్తిగా ఆరకుండా సాంబ్రాణి పొగ పట్టడం ఇదే తప్పుకు పెద్ద రూపం. నీళ్లు పోసేదేదో పగలు పదకొండు, పన్నెండు గంటలకు పోస్తే పోతుంది.

తర్వాతది నేల. ఈ వైపు ఇళ్లలో బండలు పరిచిన నేలలు ఎక్కువ. రాయి వేడిని నూలుగుడ్డ కన్నా పదుల రెట్లు వేగంగా లాగేస్తుంది. చాప ఒకటే వేసి పడుకోబెడితే వీపు నుంచి వేడి జారిపోతుంది, పైన ఎన్ని కప్పినా కింద కారే కుండే. ఉయ్యాల సంగతి ఇంకా చిత్రం. చీర ఉయ్యాలలో పడుకున్న బిడ్డకు పైనా కిందా నాలుగు వైపులా గాలే. అడుగున ఒక పొర పాత చీర తప్ప ఏమీ లేదు. ఎండాకాలం మధ్యాహ్నానికి దానికి మించిన పడక లేదు, పుష్యమాసం రాత్రికి దానికి మించిన శత్రువు లేదు. కొత్తగా పుట్టిన బిడ్డ అందులో వంపు తిరిగి గడ్డం రొమ్ముకు ఆనితే ఊపిరి దారీ ఇరుకవుతుంది.

ఇక పైకప్పు. మందపాటి మట్టి మిద్దె పగటి వేడిని అర్ధరాత్రి దాకా దాచి మెల్లగా వదిలేది. రేకుల ఇల్లు అలా కాదు, పొద్దు గూకిన గంటకే ఆకాశానికి వేడి ధారపోసి చల్లబడుతుంది. బిడ్డ ఒంటి నుంచి కంటికి కనబడని కిరణాలు ఆ చల్లటి రేకుకు పోతూనే ఉంటాయి. మధ్యలో గాలి వెచ్చగా ఉన్నా ఇది ఆగదు. కిటికీలన్నీ మూసినా బిడ్డ చల్లబడటం వెనక తరచుగా ఉండేది ఇదే. దోమతెర మీద ఒక పల్చటి గుడ్డను రేకు వైపు మాత్రం కప్పితే, పక్కలు గాలికి వదిలితే, చాలా తేడా వస్తుంది. మంచాన్ని గోడకు మూరెడు దూరం జరిపినా తేడానే.

ఇంతా విని ఎవరైనా కుంపటి పెడదాం అంటారు. వద్దు. చెంచు గూడెంలో బోదగుడిసె మధ్య నెగడు వేరు. ఆ కప్పులోంచి, తడికల్లోంచి పొగా గాలీ ఆడుతూనే ఉంటాయి. తలుపు బిగించిన సిమెంటు గదిలో బొగ్గులు కాలితే రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. నిద్రలో ఉన్నవాళ్లు నిద్రలోనే పోతారు, బిడ్డ అందరికన్నా ముందు.

బొగ్గులు లేని కుంపటి ఇంట్లో ముందు నుంచీ ఉంది. 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఎడ్గార్ రే సనాబ్రియా అనే డాక్టరుకు ఇంక్యుబేటర్లు చాలడం లేదు. ఒక్కో పెట్టెలో ఇద్దరు ముగ్గురు పిల్లలను ఉంచితే ఒకరి రోగం ఇంకొకరికి అంటుకుంటోంది. అసలు ఆ పెట్టె పుట్టుకే కోళ్ల వల్ల. 1880లో పారిస్ ప్రసూతి ఆసుపత్రిలో స్టెఫాన్ టార్నియే, గుడ్లు పొదిగించే పెట్టెను జంతు ప్రదర్శనశాలలో చూసి వచ్చి పిల్లలకూ అలాంటిది చేయించాడు. రే సనాబ్రియా పెట్టెను వదిలేసి కోడి దగ్గరికే పోయాడనుకోవచ్చు. బక్కపిల్లలను తల్లి రొమ్ముల మధ్య చర్మానికి చర్మం ఆనేలా నిలువుగా కట్టించాడు. దీన్నే కంగారూ పద్ధతి అంటున్నాం. తల్లి బిడ్డను గుండెకు కట్టుకోవడానికి ఆస్ట్రేలియా జంతువు పేరు అవసరమైంది, అదొక వింత.

చాలాకాలం దీన్ని పేదవాడి ఇంక్యుబేటరు అని చులకనగా చూశారు. 2021లో వచ్చిన ఒక పెద్ద పరిశీలన ఆ చులకనకు గట్టి జవాబు. మన దేశం, ఘనా, మలావీ, నైజీరియా, టాంజానియాల్లో ఐదు ఆసుపత్రులు, కిలో నుంచి 1.8 కిలోల బరువున్న 3,211 మంది పిల్లలు. మన దేశం నుంచి ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి పాల్గొంది. బిడ్డ కుదుటపడే దాకా ఆగకుండా పుట్టిన వెంటనే తల్లి గుండెకు చేర్చిన వాళ్లలో 28 రోజుల్లో చనిపోయినవారు నూటికి 12. ముందు వార్మరు కింద ఉంచి తర్వాత తల్లికిచ్చిన వాళ్లలో 15.7. తేడా ఎంత స్పష్టంగా ఉందంటే, మిగతా పిల్లలను పాత పద్ధతిలో ఉంచడం న్యాయం కాదని పరిశీలనను మధ్యలోనే ఆపేశారు.

తల్లి రొమ్ము కుంపటిలా ఊరికే వేడిగా ఉండదు, సర్దుకుంటుంది. బిడ్డ చల్లగా ఉంటే చర్మం వేడెక్కుతుంది, బిడ్డ వేడెక్కితే తగ్గుతుంది. కవల పిల్లలను చెరో రొమ్ము మీద పడుకోబెట్టి కొలిస్తే రెండు రొమ్ములూ వేర్వేరుగా, ఏ బిడ్డకు తగ్గట్టు ఆ పక్క మారినట్టు 2006లో రాశారు. చూసింది కొద్దిమందినే, కానీ ఆలోచింపజేసే సంగతి. తండ్రి ఛాతీ కూడా ఈ పనికి పనికొస్తుంది. కట్టేటప్పుడు బిడ్డకు లంగోటీ, టోపీ తప్ప బట్టలుండవు, తల ఒక పక్కకు తిరిగి ముక్కు బయటికి కనబడాలి, కట్టుకున్నవాళ్లు కాస్త వాలి మేలుకుని ఉండాలి. నిద్ర ముంచుకొస్తే బిడ్డను పక్కన గట్టి పరుపు మీద వెల్లకిలా దించాలి. నులక మంచం మీద మాత్రం కాదు. నులక సాగి మధ్యలో గుంట పడితే రాత్రి తల్లి, బిడ్డ ఇద్దరూ ఆ గుంటలోకే దొర్లుతారు.

ప్రాణహితకు అవతలి ఒడ్డున మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు 1990ల్లో పల్లె ఆడవాళ్లకు నవజాత శిశువుల సంరక్షణ నేర్పించారు. వాళ్ల సంచుల్లో ఒక త్రాసు, ఒక ఉష్ణమాపకంతో పాటు బిడ్డను దూర్చి పడుకోబెట్టే ఒక మెత్తటి సంచీ ఉండేది. శిశు మరణాలు ఎంతగా తగ్గాయో 1999లో 'లాన్సెట్' పత్రిక ప్రకటించాక దేశమంతా చూసింది. 2011లో మొదలై ఇప్పుడు మన ఆశా కార్యకర్తలు మూడో రోజు, ఏడో రోజు, ఆపైన నలభై రెండో రోజు దాకా ఇంటికి వచ్చి చూసే పద్ధతికి మూలం అదే. సంచీలో ఉన్న కిటుకు చిన్నదే. కప్పిన దుప్పటి బిడ్డ కాళ్లు తన్నుకుంటే జారుతుంది, లేదా ముఖం మీదికి ఎగబాకుతుంది. సంచీ రెండూ చెయ్యదు.

ఆ ఆలోచననే ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్లింది ఎంబ్రేస్ అనే సంచీ. 2007లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో విద్యార్థుల తరగతి పనిగా మొదలై, 2011లో బెంగళూరు నుంచి మన ఆసుపత్రులకు వచ్చింది. అందులో కరెంటు తీగ ఉండదు, మైనంలాంటి పదార్థం నింపిన దిండు ఉంటుంది. ముందే వేడిచేసి కరిగించి సంచీ వీపులో దూరుస్తారు. అది సరిగ్గా 37 డిగ్రీల దగ్గర గడ్డకట్టేలా ఎంచిన పదార్థం. ద్రవం గడ్డకట్టేటప్పుడు లోపల దాచుకున్న వేడిని వదులుతుంది, పూర్తిగా గడ్డకట్టిందాకా దాని ఉష్ణోగ్రత కదలదు. అలా నాలుగు నుంచి ఆరు గంటలు బిడ్డ వీపుకు తల్లి ఒంటి వెచ్చదనమే తగులుతుంది. మా అవ్వ గూట్లోని నూనె కూడా పేరుకుంటూ అదే పని చేస్తుంది, కాకపోతే 24 దగ్గర.

ఇంత చలి గురించి చెప్పాక బొంతలన్నీ తెచ్చి బిడ్డ మీద వేస్తారేమో అన్నది నా భయం. చుట్టే గుడ్డలు మనం వేసుకున్నవాటి కన్నా ఒక పొర ఎక్కువ ఉంటే చాలు. పొరలు పల్చగా, వదులుగా ఉండాలి, వెచ్చగా ఉంచేది మధ్యలో చిక్కిన గాలే. మూటలా బిగిస్తే ఆ గాలి పోతుంది, బిడ్డ కాళ్లు ముడుచుకోలేదు కూడా. మొదటి రోజుల్లో, బక్కబిడ్డకు టోపీ మంచిదే. బరువు పుంజుకున్న బిడ్డకు గదిలో నిద్రలో ఉన్ని టోపీ అక్కర్లేదు, ఎక్కువైన వేడి పోయే ద్వారం దానికి ఆ తలే. పాశ్చాత్య దేశాల్లో నిద్రలోనే పిల్లలు హఠాత్తుగా చనిపోయే సంఘటనలను వెతికినప్పుడు బోర్లా పడుకోవడం, ముఖం మీద గుడ్డలు, మితిమీరిన వేడి కలిసి కనిపించాయి. 1990ల్లో పిల్లలను వెల్లకిలా పడుకోబెట్టమని ప్రచారం చేశాక అలాంటి మరణాలు సగానికి సగం తగ్గాయి.

ఆశా అక్కయ్య ఇంటికొచ్చి ముందుగా చేసే పని చూడండి. చెయ్యి రుద్దుకుని, వేళ్ల వెనకభాగంతో బిడ్డ పొట్ట ముడుతుంది, తర్వాత అరికాళ్లు. రెండూ వెచ్చగా ఉంటే సరే. పొట్ట వెచ్చగా, కాళ్లు చల్లగా ఉంటే బిడ్డ తన కొవ్వును కాల్చుకుంటోందన్నమాట. "కాళ్లు సల్లగుండాయి తల్లీ, రొమ్ముకు ఏసుకో, పాలియ్యి," అని పైన చీర కొంగు తానే సర్దుతుంది. పొట్ట కూడా చల్లగా ఉంటే ఇంకేమీ మాట్లాడదు, బిడ్డను తల్లి గుండెకు కట్టించి, దారిలో కూడా విప్పవద్దని చెప్పి 108కి ఫోన్ చేస్తుంది.

ఎండాకాలంలో అయితే అదే చెయ్యి బిడ్డ మెడ వెనక్కి పోతుంది. రోహిణి కార్తెలో అర్ధవీడు రేకుల ఇంట్లో రాత్రి పన్నెండుకూ వేడి దిగదు. పురిటి పథ్యం పేరుతో చెవులకు దూదీ, తలకు టోపీ, ఒంటికి రెండు పొరలూ చుట్టిన బిడ్డ మెడ తడిగా, ముఖం ఎర్రగా, ఒళ్లు జ్వరంలా కాలుతూ ఉంటుంది. ఆశా అక్కయ్య ఆ పొరలు ఒకటొకటి విప్పుతుంటే పెద్దావిడ మంచం మీంచే, "బాలింత గది, గాలి తగలనీయొద్దు" అంటుంది. గూట్లో కొబ్బరినూనె నీళ్లలా కదులుతూ ఉంటుంది.